అరువు కారు, బరువు చేటు: కర్టసీ కారుకి దెబ్బ తగిలితే ఎవరు కట్టాలి?

"అరువు సొమ్ములు బరువు చేటు" అని మన పెద్దవాళ్ళు నగల గురించి అన్నారు గానీ, ఇక్కడ బ్రిటన్‌లో గ్యారేజీ వాళ్ళు ఇచ్చే కర్టసీ కారుకి కూడా ఆ మాట చక్కగా సరిపోతుంది. మన కారు సర్వీసుకో, రిపేరుకో వెళ్ళినప్పుడు ఊరికే ఇస్తున్నారు కదా అని తాళాలు పుచ్చుకుని, చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేస్తాం. ఊరికే వచ్చేది కారు మాత్రమే. దానికి సొట్ట పడితే ఆ ఖర్చు మాత్రం మనదే కావచ్చు. మిత్రులు ఈ విషయం తరచుగా అడుగుతుంటారు కనుక నాకు తెలిసిన సంగతులన్నీ ఒకచోట పెడుతున్నాను.

ఎక్సెస్ అంటే ఏమిటి?

క్లెయిం చేసినప్పుడు మొదట మన జేబులోంచి పెట్టుకోవలసిన మొత్తమే ఎక్సెస్. అమెరికాలో ఉన్నవారు దీన్నే డిడక్టిబుల్ అంటారు. ఇందులో కంపెనీ నిర్ణయించేది ఒక భాగం (కంపల్సరీ), ప్రీమియం తగ్గుతుందని మనం ఒప్పుకునేది మరొక భాగం (వాలంటరీ). రెండూ కలిపి కట్టాలి. డ్రైవరు వయసు తక్కువైనా, లైసెన్సు కొత్తదైనా ఇంకొంత కలుస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. మీ పాలసీలో కంపల్సరీ 250 పౌండ్లు, వాలంటరీ 250 పౌండ్లు అనుకోండి. ప్రమాదం జరిగి మీ కారు రిపేరుకి వెళ్ళింది, 500 కట్టారు. ఈలోగా కర్టసీ కారు పార్కింగ్ స్తంభానికి తగిలింది. దాని ఎక్సెస్ కూడా 500 అయితే, 420 పౌండ్ల రిపేరు మొత్తం మీరే కట్టాలి. రిపేరు 1,800 అయితే మీ వంతు 500. ఇది రెండో ఘటన కనుక ఎక్సెస్ కూడా రెండోసారి కట్టాలి. అంటే ఒక్క నెలలోనే 1,000 పౌండ్ల దాకా ఖర్చన్నమాట.

తప్పు మీది కాకపోయినా ఇంతే. సూపర్ మార్కెట్ దగ్గర ఆపిన కారుని ఎవరో గుద్ది వెళ్ళిపోతే, ఆ మనిషి దొరకనంత వరకు ఎక్సెస్ మీ నెత్తినే పడుతుంది. అవతలివారి నంబరు దొరికితే వారి ఇన్సూరెన్స్ నుంచి తిరిగి రాబట్టుకోవచ్చు. మీ పాలసీలో లీగల్ కవర్ ఉంటే ఆ పని వాళ్ళే చూస్తారు.

కారు ఎవరిది, ఇన్సూరెన్స్ ఎవరిది?

అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. మూడు రకాలుగా ఉంటుంది.

1. సర్వీసుకి ఇచ్చినప్పుడు గ్యారేజీ ఇచ్చే కారు: కొందరు తమ పాలసీ మీదే ఇస్తారు, ఎక్సెస్ మాత్రం పెద్దదిగా ఉండవచ్చు. కొందరు రోజుకి ఇంత అని ఇన్సూరెన్స్ రుసుము తీసుకుంటారు. కొందరు "మీ ఇన్సూరెన్స్‌ని ఈ కారుకి మార్పించుకోండి" అంటారు. అప్పుడు మీ కంపెనీకి ఫోన్ చేసి, కారు నంబరు చెప్పి, వాళ్ళ దగ్గర నుంచి కాగితం లేదా ఈమెయిల్ వచ్చాకే కారు కదిలించాలి.

2. క్లెయిం కింద, కంపెనీ ఆమోదించిన రిపేరు షాపు ఇచ్చే కారు: చాలా పాలసీలలో మీ కవరే దీనికీ వర్తిస్తుంది, మీ ఎక్సెస్సే దీనికీ పడుతుంది. సాధారణంగా చిన్న కారు ఇస్తారు. మీ కారు దొంగతనానికి గురైనా, రిపేరుకి పనికిరాదని రైట్ ఆఫ్ చేసినా మామూలు పాలసీలలో కర్టసీ కారు రాదు.

3. క్రెడిట్ హైర్: తప్పు అవతలివారిదైనప్పుడు, మీ కారుకి దీటైన కారు ఇచ్చి, అద్దె అవతలి ఇన్సూరెన్స్ నుంచి వసూలు చేసుకుంటామని ఒక కంపెనీ ఫోన్ చేస్తుంది. ఇది కర్టసీ కారు కాదు, అప్పు మీద తీసుకున్న అద్దె కారు. ఒప్పందం మీ పేరు మీదే ఉంటుంది. లాగ్డెన్ వర్సెస్ ఓ'కానర్ కేసులో 2003లో హౌస్ ఆఫ్ లార్డ్స్, మామూలు అద్దె కట్టే స్తోమత లేనివారికి క్రెడిట్ హైర్ ఖర్చు పూర్తిగా రావచ్చని తీర్పిచ్చింది. స్తోమత ఉన్నవారికి సాధారణంగా మామూలు అద్దె రేటు వరకే వస్తుంది. బ్యాంకులో నాలుగు డబ్బులున్న మనవాళ్ళు అందుకే ఈ సంతకం దగ్గర ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. మిగిలిన తేడా ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా అడగండి.

మనవాళ్ళు ఎక్కువగా చిక్కుకునే చోట్లు

"నా పాలసీలో వేరే కార్లు నడపవచ్చని ఉంది కదా" అని కొందరు ధీమాగా ఉంటారు. ఆ వెసులుబాటు ఉన్నా అది సాధారణంగా థర్డ్ పార్టీ వరకే. మీరు గుద్దిన కారుకి డబ్బు వస్తుంది, మీరు నడిపే కారుకి రాదు.

ఫారంలో పేరు లేని భార్యో, భర్తో, స్నేహితుడో నడిపితే కవర్ ఉండదు. ఆఫీసుకి వెళ్ళిరావడం, క్లయింటు దగ్గరకి వెళ్ళడం ఇన్సూరెన్స్ లెక్కలో వేరువేరు వాడకాలు. కన్సల్టెంట్లు ఇది తప్పక చెప్పుకోవాలి.

ఇండియా లైసెన్సుతో గ్రేట్ బ్రిటన్‌లో స్థిరపడిన రోజు నుంచి 12 నెలలే నడపవచ్చు. చట్టం ఒప్పుకున్నా, ఇక్కడి లైసెన్సు ఉండి ఇన్నాళ్ళు గడిస్తేనే కారు ఇస్తామనే గ్యారేజీలు ఉన్నాయి.

ఇన్సూరెన్స్ లేకుండా నడిపినట్టు తేలితే 300 పౌండ్ల జరిమానా, 6 పాయింట్లు. కోర్టుకి వెళితే ఇంకా ఎక్కువే. ఇక్కడ టెస్టు పాసై రెండేళ్ళు నిండకుండా 6 పాయింట్లు పడితే, 1995 నాటి చట్టం ప్రకారం లైసెన్సే రద్దవుతుంది. హైదరాబాదులో పదిహేనేళ్ళు నడిపినవారు కూడా ఇక్కడ మొదటిసారి పాసైతే ఈ లెక్కలో కొత్త డ్రైవర్లే.

ఎక్సెస్ ఒక్కటే కడితే సరిపోతుందా?

అన్నిసార్లూ కాదు. టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం, పోగొట్టుకున్న తాళాలు, పెట్రోలు బదులు డీజిలు పోయడం వంటివి చాలా ఒప్పందాలలో కవర్ బయటే ఉంటాయి. కారు షెడ్డులో ఉన్న రోజులకి నష్టం, ఆఫీసు ఖర్చులు అని కూడా వేస్తారు. లండన్ కంజెషన్ చార్జి, యూలెజ్, డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్ రుసుములు మీరే గుర్తుపెట్టుకుని కట్టాలి. మీ కారుకి పెట్టుకున్న ఆటో పే ఈ కారుకి పనిచేయదు. విడిగా అమ్మే ఎక్సెస్ ఇన్సూరెన్స్ కొనేముందు అది కర్టసీ కారుకి వర్తిస్తుందో లేదో చూసుకోండి. కొన్ని అద్దె కార్లకే పరిమితం.

తాళాలు తీసుకునే ముందు

- ఎక్సెస్ ఎంత, ఎవరెవరు నడపవచ్చు, ఏమేమి కవర్ కావు అన్నవి కాగితం మీద తీసుకోండి.
- లైసెన్సు వివరాల కోసం డీవీఎల్ఏ చెక్ కోడ్ అడుగుతారు. అది 21 రోజులు పనిచేస్తుంది.
- నాలుగు వైపులా, చక్రాలు, అద్దాలు, లోపలి సీట్లు, పెట్రోలు ముల్లు, మైళ్ళ అంకె ఫోటోలు తీయండి. ఇచ్చేటప్పుడు మళ్ళీ అన్నీ తీయండి.
- ఉన్న గీతలన్నీ ఫారంలో రాయించండి. చీకట్లోనో వానలోనో కారు ఇస్తే ఆ సంగతి కూడా రాయించండి.
- గ్యారేజీ మూసేశాక కారు వదలకండి. ఎవరైనా చూసి సంతకం పెట్టాకే రండి.

ఫోటోల విలువ నాకు స్వయంగా తెలిసింది. కారు తిరిగిచ్చిన మూడు రోజులకి ఒక గ్యారేజీ, చక్రం మీద గీతకి 180 పౌండ్లు కట్టమని ఈమెయిల్ పంపింది. తీసుకున్న రోజు ఉదయం తీసిన ఫోటోలో అదే గీత ఉంది. అది పంపిన మర్నాడే బిల్లు వెనక్కి తీసుకున్నారు.

బిల్లు అన్యాయం అనిపిస్తే

దెబ్బ ఫోటోలు, వివరంగా రాసిన ఎస్టిమేటు, రిపేరు చేయించిన రసీదు అడగండి. జరిగిన నష్టానికి పొంతన లేని భారీ మొత్తాన్ని వినియోగదారుడి మీద మోపే షరతు 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ కింద అన్యాయమైనదిగా తేలవచ్చు, అలా తేలితే అది మిమ్మల్ని కట్టిపడేయదు. ఇన్సూరెన్స్ కంపెనీ మీద ఫిర్యాదు ఉంటే ముందు వారికే రాయండి. 8 వారాల్లో తేల్చకపోయినా, తుది జవాబు నచ్చకపోయినా ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కి వెళ్ళవచ్చు. తుది జవాబు వచ్చాక గడువు 6 నెలలు. ఈ సేవ ఉచితం. గ్యారేజీతో పేచీ అయితే, అది మోటర్ ఆంబుడ్స్‌మన్‌లో చేరినదైతే అక్కడికి వెళ్ళండి.

పాలసీకీ పాలసీకీ షరతులు మారతాయి కనుక మీ కాగితాలు మీరు చదువుకోవడమే చివరి మాట. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా, తాళాలు పుచ్చుకునే ముందు పది నిమిషాలు కౌంటరు దగ్గర నిలబడి అడగడం నయం.