ఏకగ్రీవ ఎన్నిక: గ్రామ పంచాయితీలలో నియమము, పార్టీల పాత్ర

ఒక స్థానమునకు ఒక్క అభ్యర్థియే మిగిలినప్పుడు పోలింగు లేకుండానే ఎన్నికైనట్లు ప్రకటించుటను తెలుగులో ఏకగ్రీవమనియు, కన్నడలో అవిరోధ ఆయ్కె అనియు అంటారు. ఈ రెండు మాటలకు అర్థము ఒకటి కాదు. మొదటిది ఊరంతా ఒకే గొంతుతో పలుకుట. రెండవది ఎదురు నిలిచినవారు లేకపోవుట. చట్టము చూచునది రెండవదానినే. ఎదురు ఎందుకు లేదో ఎన్నికల అధికారి పత్రములలో కనబడదు.

చింతామణి తాలూకు కైవార వంటి చోట్ల పంచాయితీ ఎన్నికలు 1993 నాటి కర్ణాటక చట్టము ప్రకారము జరుగును. సుమారు 400 జనాభాకు ఒక సభ్యుడు. ఒక్కొక్క వార్డునకు తరచుగా ఇద్దరు, ముగ్గురు సభ్యులుంటారు. మూడు స్థానముల వార్డులో ఒకటి షెడ్యూల్డు కులముల మహిళకు కేటాయింపబడి, ఆ స్థానమునకు ఒక్క నామినేషనే నిలిచినచో ఆమె ఏకగ్రీవము. మిగిలిన రెండింటికి ఓట్లు పడును. కనుక ఏకగ్రీవమైన ప్రతిచోట ఊరి పెద్దలు కూర్చుని రాజీ చేసినట్లు తలచరాదు. పోటీకి రావలసిన ఇంకొక కుటుంబము కూలికి పోవు ఇంటిని కాదని పోటీకి దిగలేక ఆగిపోయి ఉండవచ్చును. 2020 డిసెంబరు 22, 27 తేదీలలో రెండు దశలుగా జరిగిన ఎన్నికలలో రాష్ట్రమంతట సుమారు 8,000 మంది ఇట్లు పోటీ లేకుండ సభ్యులైరి.

గ్రామ పంచాయితీకి పార్టీ గుర్తులు లేవు. తాలూకు, జిల్లా పంచాయితీలకు మాత్రము ఉన్నవి. అయినను 2020 ఫలితములు రాగానే ప్రధాన పార్టీలన్నియు తమవారెందరు గెలిచిరో లెక్కలు చెప్పుకొనినవి. పల్లెలో ‘మన పార్టీ’ అన్న మాటకు జెండా కంటె గుంపు అన్న అర్థమే బలమైనది. చింతామణిలో 2013, 2018లలో జె.డి.ఎస్. అభ్యర్థి జె.కె. కృష్ణారెడ్డి, 2023లో కాంగ్రెస్ అభ్యర్థి ఎం.సి. సుధాకర్ శాసనసభకు గెలిచిరి. ఇట్టి పోటీలలో ఏర్పడిన గుంపులే పంచాయితీలోను పనిచేయును. అధ్యక్షుని సభ్యులే ఎన్నుకొందురు గనుక, ఏకగ్రీవముగా వచ్చిన ఒక్క సభ్యురాలు కూడ అధ్యక్ష పదవి లెక్కలో విలువైనదే. గుర్తు లేని పార్టీ ఇక్కడ ప్రవేశించును.

సరిహద్దు దాటిన బంధువుల ఊళ్లలో పద్ధతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచిని ఓటర్లే నేరుగా ఎన్నుకొందురు, అదియు పార్టీరహితమే. 2021 ఎన్నికలకు ముందు అక్కడి ప్రభుత్వము ఏకగ్రీవ పంచాయితీలకు జనాభాను బట్టి 5 లక్షల నుండి 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకము ప్రకటించినది. మొదటి దశలో చిత్తూరు, గుంటూరు జిల్లాల ఏకగ్రీవములను ఎన్నికల సంఘము కొంతకాలము నిలిపి, నివేదికలు కోరి, పిమ్మట అనుమతించినది. పార్టీ గుర్తులపై జరుగు జిల్లా పరిషత్తు స్థానములు 660లో 126 ఏకగ్రీవమగుట మరింత ఆలోచింపదగినది. పార్టీలు బరిలో ఉన్నంత మాత్రమున పోటీ ఉండునని చెప్పలేము.

వేలము మాట వేరుగా చెప్పవలెను. గుడి పనికి డబ్బిచ్చినవారికే పదవి అనుట ధర్మకార్యమువలె వినబడును. మహారాష్ట్రలోని ఉమ్రాణెలో సర్పంచి పదవిని వేలము వేసినందుకు 2021 జనవరిలో అక్కడి ఎన్నికల సంఘము ఎన్నికనే రద్దు చేసినది. భారతీయ న్యాయ సంహితలో అభ్యర్థిగా నిలుచుట, నిలువకుండుట, ఉపసంహరించుకొనుట అన్నియు ఎన్నికల హక్కులే. వాటికై సొమ్మిచ్చుట లంచము; బెదిరించుట అనుచిత ప్రభావము. రెండును శిక్షార్హములు.

ఇంటివారు గమనింపవలసిన గడువులు రెండు. నామినేషను ఉపసంహరణకు సంతకము చేసి ఇచ్చిన పిదప దానిని తిరిగి తీసుకొన వీలులేదు. ఒత్తిడి ఉన్నచో అంతకు ముందే ఎన్నికల అధికారికి, పోలీసులకు వ్రాసి ఇవ్వవలెను. ప్రకటన వెలువడిన తరువాత 30 రోజులలో అభ్యర్థియే కాక ఆ వార్డు ఓటరెవరైనను సివిలు న్యాయస్థానములో ఎన్నికల పిటిషను వేయవచ్చును.