పోగు తెగిన కాడ

జర దగ్గరికి జరుగుండ్రి. ఆ తుమ్మ మొద్దు ఇంకింత లోపలికి నూకురా, మన రాజంపేట సలి గింత మంటకు పోతదా? ఏందీ, గారడోని సినిమా ముచ్చట గావాల్నా? పొద్దంత ఫోన్లు సూస్తరు, పొద్దుగూకినంక తాత గావాలె. సరే, ఇనుండ్రి.

నాకు గారడంటే సాధనాశూరులే. పద్మశాలోల్లకు ఆశ్రితులు వాల్లు. కొన్నేండ్లకోపారి మన వాడకట్టుకొచ్చి, ఆడి, రావాల్సిన కట్నం దీస్కొని పోతుండిరి. నా చిన్నప్పుడు వాల్లల్ల ఒకాయన నూలు పోగు మా పెదబాపు చేతికిచ్చి తునకలు తునకలు కోపిచ్చిండు. ముద్ద జేసి మింగి, సెంబెడు నీల్లు తాగిండు. మల్ల నోట్లకెల్లి పోగు గుంజుడు షురూ జేసిండు. గుంజితే గుంజితే ఒడుస్తలేదు. మా పెదబాపు నేతగాడు, ఊకుంటడా? పోగును రెండు వేల్ల నడుమకెల్లి పోనిచ్చుకుంట అతుకు దేవులాడిండు. నూలు ముచ్చట నేసెటోనికంటె ఎవనికెరుక? అయినా దొరకలే.

పెద్దగయినంక నేను టూరింగ్ టాకీసుల ఆపరేటర్‌గ చేరిన. రీలు తెగుడు రోజూ ఉండేది. తెగిన కాడ బ్లేడుతోని పైపొర గీకి, ఫిల్ము సిమెంటు రాసి, ఒత్తిపట్టాలె. ఎంత మంచిగ అతికిచ్చినా మిషన్లకెల్లి పోయేటప్పుడు టక్కుమంటది, తెరమీద బొమ్మ ఎగురుతది, ముందట నేలటికెటోల్లు ఈలలేస్తరు. సాధనాశూరుని పోగు యాదికొచ్చి నాకే సిగ్గయితుండె.

ఇగ సినిమా గారడోడంటరా? మన దేశంల సినిమాకు అయ్య అనిపిచ్చుకున్న ఫాల్కేనే గారడోడు! ఆయన రాజా హరిశ్చంద్ర 1913 మే 3 నాడు బొంబాయిల కారొనేషన్ థియేటర్ల పడ్డది. అంతకుముందే ఆయనకు ఇంద్రజాలం ఒంటబట్టింది. ఆటల పేరు ప్రొఫెసర్ కెల్ఫా. ఫాల్కేను ఉల్టా జెయ్యి, కెల్ఫా అయితది. పైసలు పెట్టెటోల్లు నమ్ముతలేరని కుండీల బఠాణి గింజ నాటి, అది పెరుగుతాంటె కొద్దికొద్దిగ ఫిల్ము తీసుకుంట పోయిండు. తెరమీదేస్తే నిమిషంల మొలకొచ్చి తీగె పారింది. అది గారడి గాక మరేంది?

అయితే గప్పటి ఫిల్ము నైట్రేటుది. అంటుకున్నదంటె నీల్లల్ల ముంచినా ఆరది. అండ్ల ఎండి ఉంటది గనక కొందరు కరిగిచ్చి ఎండి తీసుకున్నరు. మన దేశంల మూగ సినిమాలు 1,300కు పైగ తీస్తే, ఇయ్యాల మిగిలినయి తునకలతోని గలిపి ముప్పై అటూ ఇటూ. తెలుగోల్ల మొదటి మూగ సినిమా భీష్మ ప్రతిజ్ఞ, 1921ది, రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ తీసింది, అది పోనే పోయింది. నాకైతే ఫాల్కేవి పోయినదానికంటె అది పోయినందుకే కడుపుల ఎక్కువ కాలుతది.

ఫాల్కేవి దొరికినయంటె పి.కె. నాయర్ పుణ్యం. పుణెల ఫిల్మ్ ఆర్కైవ్ 1964ల పెట్టిండ్రు, మరుసటేడు ఆయన అండ్ల చేరిండు. కేరళాయన, చిన్నప్పుడు చూసిన సినిమాల టికెట్లు గూడ పారెయ్యక దాసుకున్నోడు. ఫాల్కే ఇంటోల్లను పట్టుకొని, వాల్లకాడున్న రీల్లు సంపాయించిండు. హరిశ్చంద్ర నాలుగు రీల్లల్ల మొదటిది, ఆఖరుది దొరికినయి. అవి 1913వా, 1917ల మల్ల తీసినయా అని తెలిసినోల్లు ఇప్పటికీ కొట్లాడుకుంటరు. కాళియ మర్దన్ దొరికింది, అండ్ల కృష్ణుడు ఎవరనుకున్నరు? ఫాల్కే బిడ్డ మందాకిని. నీయంత ఉంటది బిడ్డా, పాము పడగల మీద దుంకుతది.

అమెరికల గారడోడు హౌడినీ కథ గూడ గిట్లనే. ఆయన 1919 సినిమా ది గ్రిమ్ గేమ్ పోయిందనే అనుకున్నరు. న్యూయార్కుల బంతులెగరేసే లారీ వీక్స్ 1947లనే దాన్ని కొని ఇంట్ల పెట్టుకున్నడు, బయటికి చూపెట్టుడు తక్కువ. 2015ల బాగుజేసి మల్ల తెరమీదేసిండ్రు. అండ్ల రెండు ఏరోప్లేన్లు మొగులు మీద నిజంగనే గుద్దుకుంటయి. తాడుకు ఏలాడెటోడు మటుకు హౌడినీ కాదు, ఆయన బదులు వేరేటాయన.

ఇగ మనది. వీసీఆర్లు వచ్చిన కాలంల సాధనాశూరులు మల్లొస్తే, కామారెడ్డికెల్లి వీడియో తీసెటాయనను పిలిపిచ్చిన. పెదబాపు ముందట్నే కూసున్నడు. క్యాసెట్ ఎవరో సూస్తమని తీస్కపోయిండ్రు, వాల్లకెల్లి ఇంకోల్లు. పెదబాపు పోయిన పదేండ్లకు దేవులాడవెట్టిన. నాలుగిండ్లు తిరిగితే మా సుట్టాలింట్ల బియ్యం గుమ్మి ఎనక దొరికింది, బూజు పట్టి. స్పిరిటుతోని హెడ్డు తుడిసి ఏసిన. ముందుగాల్ల గీతలు. మల్ల బొమ్మ తేటయింది. సాధనాశూరుడు పోగు గుంజుతాండు, పెదబాపు వేల్లు చాపి అతుకు దేవులాడుతాండు. గంతే. బాజాలు మోగినయి. ఎవల్దో పెండ్లి, జీలకర్ర బెల్లం. దాని మీదనే ఎక్కిచ్చుకున్నరు.

ఎనకకు తిప్పి తిప్పి ఏసిన. ఏ కాడ తెగిందో దొరకవడదామని.

ఏడుందా? అటుక మీద రేకు డబ్బల ఉంది. వీసీఆరు ఏడ దొరుకుతదిరా ఇప్పుడు? ఆ మొద్దు నూకు ముందుగాల్ల, మంట ఆరుతాంది.