రెండే, అయ్యవారూ!

ఇది రేఖాగణిత పాఠమూ, ఒక పాత బాకీ తీర్చుకోవడమూను.

1986లో పెద్దతిప్పసముద్రం ప్రాంతంలోని ఒక బడిలో తెలుగు పండితుడిగా ఉండగా, లెక్కల మాస్టారు సెలవు పెట్టిన రోజున ఆయన తరగతికి నన్ను పంపారు. పాఠం సౌష్ఠవ రేఖలు. నల్లబల్ల మీద దీర్ఘచతురస్రం గీసి, నిలువున ఒకటి, అడ్డంగా ఒకటి, కర్ణాలు రెండు, వెరసి నాలుగని ప్రకటించాను. వెనుక వరుసలోని ఒక బాలిక లేచి, "రెండే, అయ్యవారూ!" అన్నది. కాగితం చించి కర్ణం వెంబడి మడిచి చూపింది. కొసలు కలియలేదు. "కూర్చో" అన్నాను. కర్ణమంటే చెవి అని కూడా అర్థం చెప్పే పండితుడికి ఆ పూట ఆ కర్ణమే పనిచేయలేదు.

కర్ణం దీర్ఘచతురస్రాన్ని రెండు సమాన త్రిభుజాలుగా కోస్తుంది, నిజమే. సమానమైనంత మాత్రాన సౌష్ఠవం సిద్ధించదు. గీత మీద మడిచినప్పుడు ఒక సగం రెండవ సగాన్ని సరిగ్గా కప్పాలి. అటువంటి గీతలు చతురస్రానికి నాలుగు, సమబాహు త్రిభుజానికి మూడు, వృత్తానికి అనంతం.

మన శిల్పులు విగ్రహం నడుమ నిలువుగా సాగే గీతను బ్రహ్మసూత్రం అన్నారు. దానికి ఇరువైపులా దేహభారం సమంగా నిలిస్తే సమభంగం. దేహం మూడు చోట్ల వంగితే త్రిభంగం. వాకిట చుక్కలు పెట్టి మన స్త్రీలు నిత్యం సాధించేదీ ఈ సమత్వమే. కొన్ని ముగ్గులు మడతకు కలుస్తాయి. స్వస్తికం వంటివి మడతకు లొంగవు, పావు చుట్టు తిప్పితే మాత్రం తమ చోట తాము కూర్చుంటాయి.

1974లో మద్రాసుకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృత్తివాసన్ తమిళుల ముగ్గులైన కోలాలకు వ్యాకరణం కట్టి పరిశోధనపత్రం ప్రచురించారు. వ్యాకరణం! ఆ మాట చెప్పుకొనే నేను జీతం తీసుకున్నాను. ముగ్గుకూ వ్యాకరణముందని విద్వాంసులు నిరూపించిన పన్నెండేళ్ళకు, ధనుర్మాసమంతా ముగ్గులు వేసే పిల్లను నేను నోరు మూయించాను.

ఆ రాత్రి ఇంట్లో తలుపు వేసుకొని కాగితం మడిచి చూశాను. మర్నాడే తరగతిలో ఒప్పుకోవలసింది. లెక్కల మాస్టారు వచ్చేశారు కదా అని ఊరుకున్నాను.

ఇంతకాలానికి చెబుతున్నాను: రెండే, తల్లీ. నీదే ఒప్పు.