తెల్లంచు తెచ్చిన తంటా

1612లో పటానీ రేవుకు చేరిన మన తీరపు బట్టలు కొన్నింటిని అక్కడి జనం వద్దన్నారు. కారణం, అంచున సన్నటి తెల్ల చార. మలయావాళ్లు కట్టే అసలైన బట్టకు ఆ చార ఉండకూడదట!

ఈ సంగతి రాసిపెట్టినవాడు పీటర్ ఫ్లోరిస్. పుట్టుకకు డచ్చివాడు, కొలువు ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీలో. 1611లో ‘గ్లోబ్’ ఓడ మీద వచ్చి, పులికాట్‌లో డచ్చివాళ్లు అడ్డుపడితే నిజాంపట్నం, బందరు చేరాడు. ఇక్కడ బట్టలు కొని, బాంటమ్ మీదుగా 1612 జూన్‌లో పటానీలో దిగాడు. ఇప్పటి థాయిలాండ్ దక్షిణ కొసన ఉన్న ఆ ఊరిని అప్పుడు ఒక రాణి ఏలుతోంది. చైనావాళ్లు, జపానువాళ్లు, డచ్చివాళ్లు వచ్చి బేరాలాడే చోటు. అక్కడ తెలిసొచ్చింది ఫ్లోరిస్‌కి, తెల్లంచు ఎంత పని చేసిందో. ఇంత చిన్న తేడాకు అంత పట్టింపు ఉంటుందంటే తాను నమ్మేవాణ్ణే కాదని దినచర్యలో వాపోయాడు. 1615లో లండన్ చేరిన కొద్దికాలానికే చనిపోయాడు. ఆ దినచర్య మాత్రం మిగిలింది.

నాలుగు శతాబ్దాల కిందటి ఆ వాపోత చదివితే నాకు గర్వంగా ఉంటుంది. కొనేవాళ్ల పట్టింపు అంత గట్టిదైతే, రోజూ వాళ్ల కోసం బట్ట అద్దిన మన అద్దకంవాళ్ల ఒడుపు ఎంతటిది! సయాముకు ఒక తీరు, పర్షియాకు ఒక తీరు, జావాకు మరొకటి. తెల్ల గుడ్డను కరక్కాయ కలిపిన గేదె పాలలో నానబెట్టి, పటికతో అచ్చు వేసి, చిరివేరుతో ఉడకేస్తే ఎరుపు తేలుతుంది. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరును, బందరులో కొలువు చేసిన విలియం మెథ్వోల్డ్ ఎంతో మెచ్చుకున్నాడు. గవ్వ కలిసిన ఇసుక నేలలో పెరిగిన వేరుకే ఆ చిక్కటి రంగు.

సరుకు బయటికి వెళ్తుంటే మనుషులు లోపలికి వచ్చారు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు కొట్లు పెట్టారు. వాళ్ల పేర్లతో వెలసిన వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట బందరులో ఇప్పటికీ ఉన్నాయి. ఆటో ఎక్కి ఆ పేరు చెబితే దింపుతారు.

బయటివాళ్లు వచ్చి కట్టుకున్న ఈ పేటలకు వరస కలిసేది లండన్ పడమటి దిక్కున ఉన్న సౌతాల్. 1950ల్లో ఆ దగ్గరి వుల్ఫ్ రబ్బరు ఫ్యాక్టరీలో పనికి పంజాబీలు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల వెంటే బట్టల కొట్లు, మిఠాయి దుకాణాలు, గురుద్వారాలు లేచాయి. రైల్వేస్టేషన్ బోర్డు మీద గురుముఖి లిపి ఉంది. ‘గ్లాసీ జంక్షన్’ అనే పబ్బులో ఒకప్పుడు మన రూపాయలిచ్చి తాగే వీలుండేది. దాన్ని 2012లో మూసేశారు. సౌతాల్ దుకాణదారు తనవాళ్లకే అమ్ముతాడు, వాళ్ల ఇష్టం అతనికి పుట్టుకతోనే తెలుసు. మన తీరపు అద్దకంవాడు ఎన్నడూ చూడని మనిషి ఇష్టాన్ని ఇక్కడ కూర్చుని తెలుసుకోవలసి వచ్చింది.

తరవాతి కథ తొందరగా అయిపోతుంది. రంగు బట్టల మీద ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్లీ 1721లో నిషేధాలు పెట్టాయి. ఆ వెనక మిల్లు గుడ్డ వచ్చిపడింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచి ముప్పై వేలమందిని పొట్టన పెట్టుకుంది.

చెక్క అచ్చు పెడనలో ఇంకా ఉంది. కానీ పటానీ ఏం కోరుతుందో, సయాం ఏం కోరుతుందో తెలిసిన ఆ జ్ఞానం పోయింది. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే నష్టం అదే. ఆ అద్దకంవాళ్లలో ఒక్కడి పేరైనా ఫ్లోరిస్ రాసి ఉంటే బాగుండేది!

గుడివాడ నుంచి బందరు రైలు పెడనలో ఆగుతుంది.  కొనేముందు చెక్క అచ్చా, స్క్రీన్ ప్రింటా అని అడగండి. అచ్చు పక్కన అచ్చు వేసినచోట చిన్న తేడా కనిపిస్తే, రంగు వెనక వైపుకీ దిగి ఉంటే అది చేత్తో అద్దినదే అనుకోవచ్చు. నాలుగు డబ్బులు ఎక్కువైనా దాన్నే తీసుకోండి.