మాత్ర లేకుండా ఎముక బలం: రుజువు ఎందాకా ఉంది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి వీణా శత్రుఘ్న, భారతి కులకర్ణి, వారి సహచరులు 2005లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేద కుటుంబాలకు చెందిన 30 నుంచి 60 ఏళ్ల వయసు మహిళలు 289 మందికి ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ తీశారు. తొడ ఎముక మెడ భాగంలో, అంటే తుంటి దగ్గర, సుమారు 29 శాతం మందికి ఎముక గుల్లబారిందని తేలింది. వాళ్ల తిండిలో రోజుకు అందుతున్న కాల్షియం 270 మిల్లీగ్రాముల దగ్గరే ఆగింది. భారత వైద్య పరిశోధన మండలి 2020 లెక్క ప్రకారం పెద్దవాళ్లకు 1,000, నెలసరి ఆగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాములు కావాలి.

ఆ 29 శాతాన్ని హైదరాబాద్ శివారులోని మన బౌరంపేట్‌కు ఉన్నదున్నట్టు అంటగట్టడం కుదరదు. డెక్సా ఎముకను లోతుతో కాకుండా వైశాల్యంతో కొలుస్తుంది కాబట్టి చిన్న ఒడ్డూపొడవూ ఉన్నవాళ్ల ఎముక అసలు కంటే కొంత పలచగా కనిపిస్తుంది. పైగా బౌరంపేట్ ఇప్పుడు ఒకే రకం ఊరు కాదు. పాత ఊరి ఇళ్లు, విల్లాలు, అపార్ట్‌మెంట్లు, వాటిని కట్టే కూలీల గుడిసెలు పక్కపక్కనే ఉన్నాయి. ఇటుకలు మోసే ఆమెకు ఒంటికి పని ఉంది, కంచంలో కాల్షియం లేదు. అయిదో అంతస్తులో ఉండే ఆమెకు పాలూ పెరుగూ ఉన్నాయి, బరువెత్తే పని లేదు. ‘మందు లేకుండా ఎముకలు బాగుపడతాయా’ అని ఇద్దరూ అడిగితే ఒకే జవాబు చెప్పలేం.

పాత రంగారెడ్డి జిల్లాలోనే దీనికి పనికొచ్చే ఆధారం ఒకటి ఉంది. బౌరంపేట్ కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. 1987–90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో, కొన్నిచోట్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ అదనంగా ఉప్మా పెట్టారు, మిగతాచోట్ల పెట్టలేదు. ఆ పిల్లలు ఇరవైల్లోకి వచ్చాక ఎముకలు కొలిచారు. 2014లో వచ్చిన ఫలితం ఇది: ఎముక ఎంత దిట్టంగా ఉందన్నది చిన్ననాటి తిండి కొరత కంటే, ఒంటి కొవ్వు కంటే, ఇప్పుడున్న కండ మీద, శరీర బరువు కాళ్ల మీద పడేలా చేసే పని మీద ఎక్కువగా ఆధారపడింది. ఇది పరిశీలన మాత్రమే. కండ ఉంటే ఎముక పెరుగుతుందని ఇది రుజువు చేయదు. పైగా వాళ్లంతా యువతీయువకులు. అయినా చూపు ఎటు తిప్పాలో చెబుతుంది.

రుజువు కోసం ప్రయోగాలు చూడాలి. ముందు నడక సంగతి. మన కాలనీల్లో ‘ఎముకలకు మంచిది’ అంటూ పొద్దున్నే రౌండ్లు కొట్టేవాళ్లు చాలామంది. నడక గుండెకు, షుగరుకు మేలే. నెలసరి ఆగిన స్త్రీలలో నడక ఒక్కటే వెన్నెముక సాంద్రతను పెంచిందన్న ఆధారం మాత్రం బలహీనం. ఎముకకు అలవాటు లేని బరువు తగలాలి. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయంలో సాంద్రత తగ్గిన 101 మంది పెద్దవయసు స్త్రీల మీద ప్రయోగం చేశారు. ఒక జట్టు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్లెదుట పెద్ద బరువులు ఎత్తింది, గెంతి నేల మీద దిగింది. రెండో జట్టు ఇంట్లో తేలిక వ్యాయామం చేసింది. ఎనిమిది నెలలకు బరువులెత్తిన జట్టులో నడుము వెన్నుపూసల సాంద్రత 2.9 శాతం పెరిగింది, రెండో జట్టులో 1.2 శాతం తగ్గింది. గాయాలు దాదాపు లేవు.

ఇక్కడ తొందరపడితే ప్రమాదం. పెరిగింది సాంద్రత. ఎముకలు విరగడం తగ్గిందో లేదో చెప్పడానికి 101 మంది చాలరు. శిక్షకులు పక్కన ఉన్నారన్నదీ మరవకూడదు. యూట్యూబ్ చూసి ఒంటరిగా బార్‌బెల్ ఎత్తడం వేరే పని.

వంగడం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. అమెరికాలోని మేయో క్లినిక్ 1984లో, వెన్నెముక గుల్లబారిన 59 మంది స్త్రీలను వ్యాయామాన్ని బట్టి విడదీసి గమనించింది. వెన్ను నిటారుగా, వెనక్కి సాగేలా చేసినవాళ్లలో 16 శాతం మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగితే, ముందుకు వంగే వ్యాయామాలు చేసినవాళ్లలో అది 89 శాతం. చిన్న అధ్యయనం, పాతది. అయినా తేడా చూసీ చూడనట్టు పోలేం. వెన్నుపూస ఒకసారి నలిగినవాళ్లు పశ్చిమోత్తానాసనం, పాదహస్తాసనం పక్కన పెట్టడమే మేలు. ముగ్గు వేసేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు నడుము వంచకుండా, మోకాళ్లు వంచి దిగాలి.

తిండి విషయంలో మన వంటింటికి లోటేమీ లేదు. పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల తైదల్లో (రాగుల్లో) 364 మిల్లీగ్రాములు, గేదె పాలలో 121, మునగాకులో 314 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. పావు లీటరు పాలు, 50 గ్రాముల తైద పిండితో సంకటి, ఒక చెంచా నువ్వుల పొడి, ఒక కప్పు పెరుగు కలిపితే 800 దగ్గరకు చేరతాం. అయితే పట్టికలో ఉన్నదంతా ఒంటికి పట్టదు. తైదల్లోని ఫైటేట్, పాలకూరలోని ఆక్సలేట్ కాల్షియంను పట్టి ఉంచుతాయి. మొలకెత్తిస్తే, అంబలిలా పులియబెడితే ఫైటేట్ తగ్గుతుంది. తైదలు తిన్న పెద్దవాళ్లలో ఎముకలు విరగడం తగ్గిందని చూపిన పెద్ద ప్రయోగం నేను చూడలేదు. పాల విషయంలో ఉంది. ఆస్ట్రేలియాలోని 60 వృద్ధాశ్రమాల్లో, 7,195 మంది మీద జరిగింది. కొన్ని ఆశ్రమాల్లో పాలు, పెరుగు, చీజ్ పెంచారు. అక్కడ ఎముకలు విరగడం 33 శాతం, తుంటి విరగడం 46 శాతం తగ్గాయి. 2021లో అచ్చయిన ఈ ఫలితం మాత్రలది కాదు, భోజనానిది.

మాత్రల సంగతి అంత బాగా లేదు. సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న అమెరికన్లు 25,871 మందికి విటమిన్ డి ఇచ్చినా, ఇవ్వకపోయినా ఎముకలు విరగడంలో తేడా రాలేదని 2022లో తేలింది. దాన్ని ఆ విటమిన్ లోపం ఉన్న మనవాళ్లకు అన్వయించకూడదు. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో హరినారాయణ్ బృందం చూసినప్పుడు పొలంలో పనిచేసేవాళ్ల కంటే పట్నంవాళ్ల రక్తంలో విటమిన్ డి తక్కువగా ఉంది. మన ఎండలో ఆ విటమిన్ బాగా తయారయ్యేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా. పొద్దున ఆరింటి నడకతో అది పెద్దగా రాదు.

సాంద్రత సంఖ్య పెరిగితే చాలనుకునేవాళ్లకు ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడిన నల్గొండను గుర్తుచేయాలి. ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంలో కాళ్లు వంకర తిరగడాన్నీ, ఎముకలు గుల్లబారడాన్నీ ఒకేచోట చూశామని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లోనే రాశారు. 1990లో అమెరికాలో ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూస్తే వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్ను కాని ఎముకలు మాత్రం ఎక్కువగా విరిగాయి. బోరు నీళ్లు తాగే ఇళ్లు ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించుకోవడం ఖర్చుకు తగిన పనే.

మన రాష్ట్రంలో ఎముకల మాటెత్తితే గర్భసంచి ఆపరేషన్ల మాట దాటవేయకూడదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో, 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లలోనే, 8 శాతానికి పైగా అది తీయించుకున్నారు. దేశ సగటు 3 శాతం చిల్లర. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోయి ఎముక వేగంగా కరుగుతుంది. అవసరం లేని ఆపరేషన్‌ను ఆపడం కూడా మందు లేని ఎముక రక్షణే.

తుంటి విరగడంలో ఎక్కువ భాగం పడిపోవడం వల్లే. 108 ప్రయోగాలను కలిపి చూసిన 2019 సమీక్షలో వ్యాయామం పడిపోవడాలను 23 శాతం తగ్గించింది. నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించిన ఆధారం ఇదే. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి ఒక కడ్డీ: మొదలుపెట్టడానికి ఇవి చాలు.

యాభై దాటాక చిన్నపాటి జారుడుకే మణికట్టో తుంటో విరిగినవాళ్లు, వెన్నుపూస నలిగినవాళ్లు, డెక్సాలో వచ్చే సాంద్రత లెక్క అయిన టి-స్కోరు మైనస్ 2.5కి గానీ అంతకంటే కిందికి గానీ దిగినవాళ్లు, ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లు ఇదంతా మందులకు తోడుగా చేయాలే తప్ప మందులు మానేసి కాదు. వాళ్ల విషయంలో తిండి, వ్యాయామం మందుకు సాటి అని చూపిన ప్రయోగం లేదు. మిగతావాళ్లకు ముందుగా కావాల్సింది పక్కనుండి నేర్పే మనిషి. బౌరంపేట్ చుట్టూ గేటెడ్ కమ్యూనిటీల్లో జిమ్‌లు ఉన్నాయి. కమిటీలవాళ్లు ఫిజియోథెరపిస్టును పిలిపించి, వారానికి రెండు పూటలు యాభై దాటిన ఆడవాళ్లకు కేటాయించండి. ఆ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లనూ అందులో చేర్చుకోండి.