ఎస్సెర్: కరోనా కాలంలో అమెరికా ప్రభుత్వ బడులకు అత్యవసర నిధి

కరోనా సమయంలో అమెరికా కాంగ్రెస్ ప్రభుత్వ పాఠశాలలకు మూడు విడతల్లో మంజూరు చేసిన నిధి పేరు ఎస్సెర్. ‘ఎలిమెంటరీ అండ్ సెకండరీ స్కూల్ ఎమర్జెన్సీ రిలీఫ్’ అన్న మాటలకు ఇవి పొడి అక్షరాలు. మొత్తం దాదాపు 19,000 కోట్ల డాలర్లు. అమెరికాలో బడి ఖర్చును ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వాలూ, స్థానిక ఆస్తి పన్నూ భరిస్తాయి. మామూలు రోజుల్లో కేంద్రం వాటా నూటికి ఎనిమిది దగ్గర ఉంటుంది. 2009 మాంద్యంలో రాష్ట్రాలకు ఇచ్చిన 5,360 కోట్ల డాలర్ల స్థిరీకరణ నిధిలో అధిక భాగం చదువుకే వెళ్లింది. ఎస్సెర్ ముందు అదీ చిన్నదే.

తొలి విడత 1,320 కోట్ల డాలర్లు. 2020 మార్చి 27న సంతకమైన ‘కేర్స్’ చట్టంలో భాగంగా వచ్చింది. అంత తొందరలో పంపకం ఎలా కుదిరిందంటే, దారి ముందే వేసి ఉంది. 1965 ఏప్రిల్ 11న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సాస్‌లో తాను చిన్నప్పుడు చదివిన ఒంటిగది బడి దగ్గర, తన తొలి పంతులమ్మను పక్కన కూర్చోబెట్టుకుని విద్యా చట్టం మీద సంతకం చేశారు. అందులోని ‘టైటిల్ వన్’ భాగం పేదపిల్లల సంఖ్యను బట్టి డబ్బు పంచుతుంది. ఎస్సెర్‌కూ అదే కొలమానం పెట్టారు. రాష్ట్రానికి వచ్చిన దాంట్లో కనీసం 90 శాతం స్థానిక బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టులకు చేరాల్సి ఉండేది. అందుకే డెట్రాయిట్ లాంటి పేద నగరానికి 120 కోట్ల డాలర్లకు పైగా అందగా, సంపన్న శివారు బడులకు పిల్లవాడి లెక్కన చూస్తే స్వల్పంగానే ముట్టింది.

మొదట్లో ఖర్చంతా ల్యాప్‌టాప్‌లు, హాట్‌స్పాట్‌లు, మాస్కుల మీదే. ఇంట్లో ఇంటర్నెట్ లేని పిల్లల కోసం కొన్ని ఊళ్లలో వైఫై పెట్టిన పసుపు బస్సులను అపార్ట్‌మెంట్ల ముందు నిలిపి ఉంచేవారు. పిల్లల్ని ఎక్కించుకోని బడి బస్సు పాఠాలను మాత్రం మోసింది.

ఈ నిధిలో ప్రైవేటు బడుల పిల్లలకు దక్కే వాటా మీద తగాదా త్వరగానే మొదలైంది. వాటిలో చదివే పేదపిల్లలనే కాక మొత్తం పిల్లలనూ లెక్కలోకి తీసుకోవాలని విద్యాశాఖ మంత్రి బెట్సీ డివోస్ 2020 జులైలో నిబంధన తెచ్చారు. సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది.

2020 డిసెంబరు 27న రెండో విడతగా 5,430 కోట్లు, 2021 మార్చి 11న మూడో విడతగా సుమారు 12,200 కోట్ల డాలర్లు వచ్చాయి. మూడో విడతలో ఒక షరతు ఉండేది: డిస్ట్రిక్టు తన వాటాలో కనీసం 20 శాతాన్ని పిల్లలు పోగొట్టుకున్న చదువును తిరిగి నేర్పడానికే వాడాలి. మిగతా దాని మీద పెద్దగా పట్టింపుల్లేవు. పాత భవనాల్లో గాలి ఆడే ఏర్పాట్లకు చాలామంది మొగ్గారు. కనీసం సగం బడుల్లో గాలి ఆడించే యంత్రాలు మార్చాల్సిన డిస్ట్రిక్టులు దాదాపు 41 శాతం ఉన్నాయని 2020 జూన్‌లోనే కేంద్ర ప్రభుత్వ తనిఖీ సంస్థ లెక్క చెప్పింది. కరోనా ఆ పనికి సాకు అయింది, అంతే.

స్థానిక డబ్బుకు బదులు కేంద్రం డబ్బు వాడకూడదన్న నియమం కూడా ఎస్సెర్‌లో లేదు. విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్ డిస్ట్రిక్టు ఈ నిధితో తన బడ్జెట్‌లో వెసులుబాటు చేసుకుని, అలా మిగిలిన సొమ్ముతో ఆటస్థలాలకు కృత్రిమ గడ్డి పరిచింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి కానీ, చట్టం దాన్ని తప్పనలేదు. నిజమైన చిక్కు వేరే చోట ఉంది. మూడేళ్లలో అయిపోయే డబ్బుతో కౌన్సెలర్లను, ట్యూటర్లను ఉద్యోగాల్లోకి తీసుకోవడం ఎక్కువ ఇబ్బంది తెచ్చింది. జీతానికి గడువు తేదీ ఉండదు కదా!

ఫలితం మాటకొస్తే, ఎనిమిదో తరగతి లెక్కల్లో 2019, 2022ల మధ్య జాతీయ పరీక్షల సగటు 8 పాయింట్లు పడిపోయింది. పిల్లవాడికి 1,000 డాలర్లు అదనంగా ఖర్చు పెట్టిన చోట లెక్కల్లో ఒక విద్యా సంవత్సరపు చదువులో సుమారు మూడు శాతం మెరుగైందని 2024లో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు తేల్చారు. ఇది చిన్న లాభమే, కానీ సున్నా కాదు.

ఖర్చు ఖరారు చేసుకోవడానికి ఆఖరి గడువు 2024 సెప్టెంబరు 30. ఆలోగా ఒప్పందమైన పనుల బిల్లులు చెల్లించడానికి కొన్ని రాష్ట్రాలు అదనపు గడువు తెచ్చుకున్నాయి. 2025 మార్చి 28న విద్యాశాఖ ఆ గడువును ఉన్నట్టుండి రద్దు చేసింది. పలు రాష్ట్రాలు న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టుకెక్కాయి. మే నెలలో ఆ రద్దును నిలిపివేస్తూ కోర్టు తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది.