శుల్కము – ఏకాకి యువకుడు

కన్యాశుల్కమనగానే ముదుసలి వరుని చేతబడిన పసిబాలిక మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ యాచారమే ఒంటరిని చేసిన పేద యువకుని మనమంతగా తలపము. పందొమ్మిదవ శతాబ్దమున గోదావరీ మండలమందు శుల్కము చెల్లింపజాలని బ్రాహ్మణ యువకునకు పిల్ల దొరకుట దుర్లభము. సొమ్ముగల వృద్ధునకు దొరకెను; అతడు గతింపగా నా బాలిక వితంతువయ్యెను. ఇరువురి యేకాంతమునకును మూలమొక్కటే.

ఇది అరుదైన సంగతి కాదు. పొరుగు విశాఖపట్టణ మండలమున విజయనగర మహారాజుగారు పట్టిక వ్రాయింపగా మూడేండ్లలో 1034 శుల్కవివాహములు తేలినట్లు గురజాడ అప్పారావుగారు తెలిపియున్నారు.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు గౌరమ్మకును గోగులపాటి శ్రీరాములునకును వివాహము జరిపించిరి. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. ఆ విద్యార్థులకొక కార్యమును, తోటివారి స్నేహమును లభించెను. స్త్రీ కష్టము కంటబడెను.

‘ఇన్‌సెల్’ అను మాట 1997 ప్రాంతమున కెనడాలో నొక స్త్రీ ఒంటరివారి యోదార్పునకై వాడినది. పిదప నది స్త్రీద్వేషులకు బిరుదయ్యెను. 2018 ఏప్రిల్ 23న టొరంటోలో, తానా తెగవాడనని చెప్పుకొన్న యొకడు వాహనము తోలి జనులను చంపెను. ఒంటరితనము నాటిదే, దానిని ద్వేషముగ మార్చిన సాంగత్యము క్రొత్తది.

మన యింటి పిల్లవాడు తలుపు మూసికొని కూర్చున్నచో, సంబంధములు వెదకుటకు ముందు వాని మాట విందము. స్త్రీలతో సమానముగ మెలగుట నేర్పుదము.